అయిదో నమోదులోనే చెప్పినా

నమోదు 1. మూత 118వ రోజు

ఇది నేను రాయడం లేదు సార్, నోటితో చెప్తాండా. కాలేజీ వాళ్ళిచ్చిన తెర పలక విని రాసుకుంటాంది. రాయడం చేతనయితే మీ సహాయ విభాగంలో నా పేరెందుకుంటాది?

మీ ఉత్తరం అందింది. దాన్ని కూడా పలకే చదివి వినిపించింది. 'అభ్యసన ఇబ్బందులు గల విద్యార్థులు మూడు రోజులకు ఒక పుట చొప్పున తమ ఇబ్బందులను నమోదు చేసి పంపవలెను. పంపనివారికి సహాయం నిలిపివేయబడును.' భలే ఉందిలే. చదవడం రాయడం గడగడా వచ్చినోళ్ళు హాయిగా కూచుంటారు, రానోళ్ళు మాత్రం పుటలు నింపాల. నడవలేనోణ్ణి కొండెక్కి వచ్చి చేతికర్ర తీసుకుపొమ్మన్నట్టుంది.

సరే, అడిగినారు కాబట్టి చెప్తా. నా పేరు గంగరత్న. భూగర్భ జల శాస్త్రం, రెండో ఏడు. మా ఇంట్లో నేనూ, మా అవ్వ ఓబులమ్మా ఇద్దరమే ఉండేది. అమ్మ జ్వరాల షెడ్డులో వంటపనికి పోయింది, ఊర్లన్నిటికీ మూత పెట్టించిన ఈ జ్వరాల దుమ్ము తగ్గిందాకా ఆమెను బయటికి వదలరు.

ఇంక ఇబ్బంది. నాకు అక్షరాలు కదుల్తాయని, ఎగుర్తాయని అందరూ అనుకుంటారు. ఏమీ ఎగరవు, బుద్ధిగానే కూచోనుంటాయి. ఒక్కోదాన్ని పోల్చుకుని, గుడి ఏది, కొమ్ము ఏది అని తేల్చుకుని వరస చివరికి పోయేలోపు మొదట్లో ఏముండిందో జారిపోతాది. ఒక పేజీకి అర్ధదినం పడతాది. అదే ఎవరన్నా చెప్తే ఒక్కసారి వింటే చాలు. చేతికి ఏదో ఒక పని ఉండాల, కండ్లకు మాత్రం ఏ పనీ ఉండకూడదు. కండ్లు దేన్నన్నా చూస్తాంటే నాకు చెవులు మూసుకుపోతాయి.

మూత పడకముందు హైమవతి మేడమ్ తరగతిలో కడాపటి బెంచీలో కండ్లు మూసుకుని, దారానికి ముడులేసుకుంటా వినేదాన్ని. నిద్రపోతాండానని మేడమ్ ఒకసారి సుద్దముక్క విసిరింది. నేను కండ్లు తెరవకుండానే అప్పటిదాకా ఆమె చెప్పిందంతా వప్పజెప్పినా. ఆ పొద్దు నుంచి నా జోలికి రాలేదు. ఆ సుద్దముక్క ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

పుట నిండిందో లేదో నాకు తెల్దు. నిండకపోతే మీరే నింపుకోండి.

నమోదు 2. 121వ రోజు

పొద్దున్నే తలుపుకు తడిగుడ్డ మార్చినా. రాత్రి గాలికి గుడ్డంతా ఎర్రగా అయిపోయింది. దాన్ని చేత్తో పిండకూడదు, మూతబెట్టి ఉడకబెట్టాల. కిటికీ సందుల్లో మైనం కరిగిపోయింటే మళ్ళీ పూయాల. ముక్కుగుడ్డ ఇంట్లో కూడా తీయకూడదు. గాలి గంట మోగితే దుమ్ము కిందికి దిగిందని లెక్క. ఆ గంటసేపట్లోనే తలుపు తీసి, మండీ బండి గడపలో దించిపోయిన చింతకాయల మూటలు లోపలికి లాక్కోవాల, కొట్టిన పండు బయట పెట్టాల.

మాది చింతపండు కొట్టే ఇల్లు సార్. పెచ్చు తీసి, ఈనెలు లాగి, రాతి మీద పెట్టి చిన్న ఇనుప కడ్డీతో ఒక్క దెబ్బ వేస్తే గింజ ఎగిరి పక్కకు పడతాది. మా అవ్వకు అరవై ఏండ్ల అలవాటు. నాకు పది. ఈ పని చేసేటప్పుడు కండ్లతో పనిలేదు, వేళ్ళకే తెలుస్తాది. పాఠానికి ఇంతకంటే మంచి జోడు ఇంకోటి లేదు.

మీ కంటిలెక్కకు మాత్రం ఇది నచ్చల్యా. పలకకు ఒక కన్ను పెట్టినారు కదా, అది వందకు ఎన్నిసార్లు మేం దాన్నే చూస్తాండామో లెక్కేస్తాది. డెబ్బై అయిదు రావాల. నాకు ముప్పై ఒకటి వస్తాంది. చూపు పక్కకు పోతే పలక టింగుమంటాది. టింగుమన్నప్పుడల్లా నేను దాన్ని చూస్తా. చూసినప్పుడల్లా పాఠం పోతాది. గంటకు నలభై టింగులు. ఏం జేయమంటారు మీరే చెప్పండి.

నమోదు 3. 124వ రోజు

హెచ్చరిక వచ్చింది. నూటయాభయ్యో రోజున జాబితా వేస్తారంట. కంటిలెక్క డెబ్బై అయిదు లేనోళ్ళ పేర్లు కొట్టేస్తారంట. పేరు కొట్టేస్తే సీటు పోతాది, బండి వచ్చి పలక తీసుకుపోతాది, మళ్ళీ చేర్చుకోరు.

ఈ సీటు నాకు ఎంత అంటే, చెప్తా వినండి. మా తాత చేన్లో ఏడు బోర్లు వేయించినాడు. ప్రతిసారీ ఒక పెద్దమనిషి అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగేవాడు. టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్ళుండాయని చెప్పేవాడు. ఏడుసార్లు నిలబడింది. ఏడూ ఎండినాయి. మా తాత చివరి దినాల్లో కూడా 'టెంకాయ అబద్ధం చెప్పదు, నా రాతే బాగలేదు' అనేవాడు. ఎనిమిదేండ్ల పిల్లను నేను, అప్పుడే అనుకున్నా. రాత కాదు తాతా, రాయి. రాయి సంగతి నేను తెలుసుకుంటా అని. ప్రవేశపరీక్ష నోటితో పెట్టినారు కాబట్టి వచ్చింది సీటు, లేకుంటే నన్నెవరు రానిస్తారు?

దస్తగిరికి నాకంటే తక్కువ, ఇరవై రెండు. సహాయ విభాగంలో మేం పదముగ్గురం. అందులో నాకు స్నేహితుడంటే వాడే. వాడిది చదవలేకపోవడం కాదు, కూచోలేకపోవడం. నడుస్తా ఉంటేనే వాడికి మాట తలకెక్కుతాది. ఒక్క గది ఇంట్లో మంచం చుట్టూ తిరుగుతా వింటాడు. ఈపొద్దు ఫోన్లో అంటాడు కదా, "రత్నా, పలకను తువ్వాలుతో రొమ్ముకు కట్టుకుని నడిచినా. అది నా గడ్డాన్ని చూసి సున్నా ఇచ్చింది."

"గడ్డం గీసుకోవాల్సింది" అన్నా. ఇద్దరం బాగా నవ్వుకున్నాం. తర్వాత ఇద్దరికీ ఏడుపొచ్చింది, ఫోన్ పెట్టేసినాం.

నమోదు 4. 127వ రోజు

నా లెక్క యాభై ఎనిమిదంట! నేనేమీ మారలేదే! గోడవైపు తిరిగి కూచుని చింతపండే కొడతాండా. టింగు కూడా తగ్గింది. ఆ కన్నుకు గుడ్డితనం వచ్చిందేమో. రెండు దినాలు చూస్తా.

నమోదు 5. 130వ రోజు

దొరికింది.

ఈపొద్దు పాఠం నడుమ కడ్డీ జారి పడితే తీసుకుందామని వెనక్కి తిరిగినా. చూస్తునుకదా, మా అవ్వ పలక ముందర ముక్కాలిపీట వేసుకుని, కొంగు భుజం నిండా కప్పుకుని, రెప్ప వేయకుండా మేడమ్‌నే చూస్తాంది. మేడమ్ ఒక మాట చెప్పి ఆగినప్పుడల్లా "ఊ" అంటాంది.

"అవ్వా, ఏం జేస్తాండావు?"

"ఉండు మే, మధ్యలో మాట్లాడొద్దు. నీళ్ళు రాతిలోకి యాడ దూర్తాయో చెప్తాంది."

పాఠం అయినాక అడిగినా. ఇది ఎన్ని దినాల నుంచి అంటే వారం దాటిందంట. ఎందుకంటే, "పాపం, ఆయమ్మ అంత దూరంనుంచి గొంతు పోయేట్టు చెప్తాంటే ఒక్కరూ ఊ కొట్టరే! నువ్వేమో గోడకు తిరిగి కూచుంటావు. చెప్పేటోళ్ళకు ఉసూరుమనదా? మా కాలంలో ఊ కొట్టకపోతే కథ అక్కడికి ఆపేసి లేచిపోయేటోళ్ళు."

మా ఇంట్లో అలవాటు అది సార్. పదిమంది కూచుని చింతపండు కొట్టేటప్పుడు ఒకరు కథ చెప్తారు, ఒకరు ఊ కొడతారు. ఊ కొట్టేదానికి ఒక మనిషిని ఎంచుతారు. అది ఎప్పుడూ మా అవ్వే.

తరగతిలో మిగతా అందరి గొంతులూ వినబడకుండా పలకల్లో మీరు మూసేసినారు. నోటితో ప్రశ్నలు అడుక్కోమని సహాయ విభాగం వాళ్ళకు మాత్రమే తెరిచి పెట్టినారు. అందుకే అవ్వ ఊ మేడమ్‌కు వినబడతాంది. ఇంక కండ్లంటారా, 'నీవి అచ్చం మీ అవ్వ కండ్లే' అని పుట్టినప్పటి నుంచి వింటాండా. ముక్కుగుడ్డ కట్టుకుంటే కండ్లే కదా కనబడేది. ఆమెకు ఆపరేషన్ చేసి కంటిపొర తీసి కొత్త అద్దం వేసినాక నా కండ్లకంటే ఆమెవే మెరుస్తాండాయి. పలక ఆమెను నేననుకుంటాంది.

నాకు వచ్చిన లెక్క నాది కాదు, మా అవ్వది. ఇది మీకు ఇప్పుడే, నా నోటితోనే చెప్తాండా.

వరదరాజులు సార్, ఈ నమోదులన్నీ చదివేది మీరే అని ఉత్తరంలో ఉంది. చదువుతాండారా? చదివింటే రేపు తరగతి పర్యవేక్షణకు వచ్చినప్పుడు ఒక్కసారి దగ్గండి. అర్థం చేసుకుంటా.

నమోదు 6. 133వ రోజు

మూడు తరగతులయినాయి. ప్రతి తరగతికీ 'పర్యవేక్షణ: వరదరాజులు' అని పలక చెప్పింది. ఎవరూ దగ్గల్యా.

నమోదు 8. 139వ రోజు

అభినందన ఉత్తరం వచ్చింది! 'కుమారి గంగరత్న శ్రద్ధ మా విభాగపు సహాయంతో ముప్పై ఒకటి నుండి తొంభై మూడుకు పెరిగినందుకు హర్షిస్తున్నాము.' పలక ఒక పూలదండ బొమ్మ కూడా చూపించింది. అవ్వ దండను చూసి పొంగిపోయింది. "నాకేనా?" అనింది. నీకే అన్నా. అబద్ధం కాదు కదా.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే అయింది. సీటు నిలబడతాది. నేను చెప్పాల్సింది చెప్పేసినా, వాళ్ళు చదవకపోతే నా తప్పా అని సర్ది చెప్పుకున్నా. పాఠం మొత్తం వింటాండా, టింగు లేదు. ఈ పన్నెండు దినాల్లో నేర్చుకున్నంత నాలుగు నెలల్లో నేర్చుకోలేదు.

నమోదు 10. 145వ రోజు

దస్తగిరి నిన్న ఫోన్ చేసినాడు. గొంతులో నవ్వు లేదు.

వాడు మీకు అర్జీ పెట్టుకున్నాడు. నడవనిస్తే వింటాను, కంటిలెక్క నుంచి నన్ను తప్పించండి, నోటితో పరీక్ష పెట్టుకోండి అని. మీరు జవాబిచ్చినారు. ఆ జవాబు వాడు నాకు చదివి వినిపించినాడు. ఒక్కో మాటా నాకు గుర్తుంది, మీకు తెలుసు కదా నాకు విన్నది పోదని. 'మీ వంటి ఇబ్బందే గల తోటి విద్యార్థిని తొంభై మూడు సాధించినందున, లోపము కంటిలెక్కలో లేదనియు, మీ ప్రయత్నములోనే ఉన్నదనియు తెలియజేయుచున్నాము.'

"ఆ తోటి విద్యార్థిని నువ్వే కదా రత్నా?" అన్నాడు. అవ్వ సంగతి వాడికి ముందే చెప్పింటి.

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు.

"నేను నిన్నేమీ అనను. మీ అవ్వ మంచిది. కానీ మా నాయన ఈ ఉత్తరం విని, 'ఆ పిల్ల చేయగలిగింది నువ్వెందుకు చేయలేవు రా' అంటాండాడు. ఆయనకు ఏం జెప్పేది?"

సిగ్గుతో చచ్చిపోయినా. నా అబద్ధం లెక్కను తీసుకుని వాడి మెడకు కట్టినారు మీరు. కట్టడానికి తాడు నేనే ఇచ్చినా.

నమోదు 12. 151వ రోజు

జాబితా వేసినారు. దస్తగిరి పేరు పోయింది. నిన్న గాలి గంటప్పుడు బండి వచ్చి వాడి పలక తీసుకుపోయింది.

నేను పొద్దున్నే సహాయ విభాగానికి ఫోన్ చేసినా. వరదరాజులు సార్‌కే నేరుగా చెప్పినా. నా తొంభై మూడు తప్పు, అది మా అవ్వ లెక్క, విచారణ పెట్టండి అని. "ఈ సంగతి బయటపడితే నీ సీటు కూడా పోతుందమ్మా. ఎవరూ అడగలేదు కదా, ఎందుకు చెబుతున్నావు?" అన్నాడు.

"ఎవరూ అడగకుండానే చెప్పినా సార్. ఇది రెండోసారి" అన్నా. ఆయనకు అర్థం కాలేదు.

విచారణ ఎల్లుండి. అవ్వకు చెప్తే కడ్డీ కింద పెట్టేసింది. "నేనేం తప్పు చేసినా మే? ఊ కొట్టడం తప్పా?"

"నీది తప్పు కాదవ్వా."

"మరి నీ సీటు పోతే?"

"పోతే నేను కూడా టెంకాయ పట్టుకుని తిరుగుతా."

నవ్వుతాదనుకున్నా. నవ్వలేదు. కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. మా ఇంట్లో గోడవైపు తిరిగేది ఎప్పుడూ నేనే.

నమోదు 13. 154వ రోజు

నిన్న విచారణ జరిగింది. ఈ పుట పొడుగైతాది, ఓపికగా వినండి. వింటే.

పలకలో ముగ్గురు. వరదరాజులు సార్, హైమవతి మేడమ్, పరీక్షల అధికారి రంగశాయి గారు. రంగశాయి గారిది జాలిపడినట్టు మాట్లాడే గొంతు. అదంటే నాకు కోపం.

"చూడమ్మా, నీ ఇబ్బంది మాకు తెలుసు. కానీ కన్ను పెట్టనిదే చదువు వస్తుందా?"

"ఒక చిన్న పని చేయండి సార్. మీ ముగ్గురూ పది నిమిషాలు మాట్లాడొద్దండి. కంటిలెక్క మాత్రం నడవనీయండి."

అవ్వను పీట మీద కూచోబెట్టినా. పెద్ద సార్లు ఇప్పుడు మాట్లాడతారు, చూస్తా ఉండు అని చెప్పినా. పాపం, ఆమె కొంగు సర్దుకుని రెప్ప వాల్చకుండా చూసింది. పలకలో ముగ్గురు మనుషులు నోర్లు మూసుకుని ఆమెను చూస్తాండారు. పది నిమిషాలూ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒకసారి ఎవరూ మాట్లాడటం లేదని మర్యాదకు తానే "ఊ" అనింది.

"ఎంత వచ్చింది సార్?"

రంగశాయి గారు చూసుకున్నాడు. "తొంభై ఏడు."

"పాఠమే లేదు కదా సార్. తొంభై ఏడు దేనికిచ్చింది?"

నేను పీట పక్కకు జరిపి, పలకకు వీపు పెట్టి కూచున్నా. చింతపండు ముందరేసుకున్నా. "ఇప్పుడు అడగండి" అన్నా. టింగుమనింది. మేడమ్ ఏదో నొక్కినట్టుంది, ఆ చప్పుడు ఆగిపోయింది.

మేడమే అడిగింది. "ఒక రైతు బోరు వేశాడు. రెండు నెలలు ధారాళంగా నీళ్ళు పోశాయి, తర్వాత ఎండిపోయింది. ఎందుకు?"

ఇది నేను పుట్టినప్పటి నుంచి తెలుసుకోవాలనుకున్న ప్రశ్న. చేతిలో ఉన్న చింతకాయను ఎత్తి భుజం మీదుగా చూపించినా. "ఇదిగో మేడమ్, పైపెచ్చు మట్టి. కింద మెత్తటి కండ ఉందే, అది ఎండకూ వానకూ మాగి మెత్తబడిన రాయి. నీళ్ళు నిలవుండేది అక్కడ. లోపల గింజ గట్టి రాయి, దాంట్లో చుక్క ఉండదు. ఈ ఈనెలు పగుళ్ళు. బోరు గట్టి రాయిలో ఏదో ఒక పగులుకు తగిలింటాది. పగుల్లో ఉండే నీళ్ళు రెండు నెలలు వచ్చినాయి. పైన మాగిన పొర పలచగా ఉంది, వాన లేదు, పగులుకు మళ్ళీ నీళ్ళు దిగలేదు. మొదట్లో ఎంత పోసింది అని చూడకూడదు. తోడి ఆపినాక నీటిమట్టం ఎంతసేపట్లో పైకొస్తాందో కొలవాల. అది కొలిచింటే మొదటి వారంలోనే తెలిసిపోయేది."

ఇంకా పదకొండు ప్రశ్నలు అడిగినారు. పదకొండింటికీ చెప్పినా. ఒక దాంట్లో ఆమ్లత సంగతి తప్పు చెప్పి, మళ్ళీ నేనే సరిచేసుకున్నా. ఆ సేపట్లో మూడు దోసిళ్ళ పండు కొట్టినా. కంటిలెక్క నాలుగు.

మధ్యలో మా అవ్వ ఉండబట్టలేక అనింది. "మా ఆయన టెంకాయ యాడ నిలబడిందో చూసినాడు గానీ, రాయి యాడ పగిలిందో చూడల్యా నాయనా."

రంగశాయి గారికి దొరికినట్టయింది. "చూశావా, ఈవిడ కళ్ళు పెట్టి చూసింది కాబట్టే ఆ ముక్క అర్థమైంది."

"కండ్లు పెడితే తొంభై ఏడు మీరు ముగ్గురూ ఊరికే కూచున్నప్పుడు కూడా వచ్చింది సార్. ఆమెకు అర్థమయింది ఊ కొట్టబట్టి. నాకు అర్థమయింది చేయి ఆడించబట్టి. దస్తగిరికి కాలు ఆడాల. మీకెట్ల అర్థమైతాదో మీరే చెప్పండి."

ఆయనకు కోపమొచ్చింది. "అదంతా పక్కన పెట్టమ్మా. నీ బదులు వేరొకరిని కూర్చోబెట్టావు. నెల రోజులు దాచావు. అది నేరం. దానికి పేరు కొట్టెయ్యడం తప్ప వేరే శిక్ష లేదు."

నేను వెనక్కి తిరిగినా. ఆ కన్నులోకి నేరుగా చూసినా. నా ఇష్టంతో చూసింది అదే మొదటిసారి.

"దాచలేదు సార్. నూట ముప్పయ్యో రోజున, అయిదో నమోదులోనే చెప్పినా. నా లెక్క నాది కాదు, మా అవ్వది అని నా నోటితో చెప్పినా. చదివింటే దగ్గమని కూడా అడిగినా. మీరు ఎవరూ దగ్గలేదు, పూలదండ పంపించినారు. దస్తగిరికి ఉత్తరం రాసినారు. నాకు చదవడం రాదని రాతపూర్వకంగా ఉంది కదా మీ దగ్గర. మీకు వచ్చు కదా? మరి చదవలేకపోయింది ఎవరు?"

వరదరాజులు సార్ ముక్కుగుడ్డ సర్దుకున్నాడు, మళ్ళీ సర్దుకున్నాడు. రంగశాయి గారు ఆయనవైపు చూసినాడు. "నమోదు అయిదు తెరవండి" అన్నాడు. కాసేపు కాగితాలు కదిలిన చప్పుడు. రంగశాయి గారు అది చదివి, కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టేసినాడు.

అప్పుడు హైమవతి మేడమ్ మాట్లాడింది. "అయిదు నెలలుగా రెండు వందల పన్నెండు మందికి పాఠం చెబుతున్నాను. అందరి గొంతులూ మూయించారు. నాకు కనబడేది అంకెలే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుండేది. మానేద్దామని రాజీనామా కూడా రాసుకున్నాను. నెల కిందట ఎవరో 'ఊ' అన్నారు. ఎవరో తెలియదు. ఆ ఊ కోసమే రోజూ పాఠం తయారు చేసుకుని వస్తున్నాను." తర్వాత అవ్వవైపు చూసింది. "ఓబులమ్మ గారూ, నమస్కారం."

అవ్వ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. "బాగా చెప్తావు తల్లీ. కొంచెం నిదానంగా చెప్పు" అనింది.

తీర్పు తర్వాత చెప్తామన్నారు.

నమోదు 14. 157వ రోజు

తీర్పు రాలేదు, అందుకని నేనే ఒక పని చేసినా.

నిన్న పాఠానికి ముందే తరగతి మొత్తానికీ నా గొంతుతో కబురు పెట్టినా. దస్తగిరి ఎందుకు పోయినాడో, నా తొంభై మూడు ఎట్లొచ్చిందో అంతా చెప్పినా. 'రేపు నేను పలకను గోడవైపు తిప్పి పెడతాండా. మీ ఇష్టం మీది' అన్నా. ఈపొద్దు అవ్వ బొత్తాల ఫోన్‌లో దస్తగిరికి ఫోన్ చేసి, ఆ ఫోన్‌ను పలక పక్కన పెట్టినా. వాడు అవతల మంచం చుట్టూ నడుస్తాండేది వినబడతానే ఉంది.

మేడమ్ వచ్చింది. "గంగరత్నా, నీ లెక్క సున్నా చూపుతోంది."

"చూపనీ మేడమ్. వింటాండా, చెప్పండి."

మేడమ్ మిగతావాళ్ళ లెక్కలు చూసుకున్నట్టుంది. తర్వాత అనింది, "ఇంకో నాలుగు సున్నాలు వచ్చాయి. పదకొండు. ముప్పై." కాసేపు లెక్క చెప్తానే ఉంది, తర్వాత లెక్కపెట్టడం మానేసింది. "సరే. నాకు మీ కళ్ళు అక్కర్లేదు. గొంతులు తెరుస్తున్నాను. వింటున్నట్టు తెలిస్తే చాలు." ఏదో నొక్కింది. మొదలుపెట్టింది. "అనగనగా ఒక గట్టి రాయి."

అవ్వ "ఊ" అనింది.

ఆమె వెనకే యాడో ఇంకో ఊ. తర్వాత ఒక మగపిల్లోడిది. తర్వాత సిగ్గుపడుకుంటా పది. అయిదు నెలలుగా ఒక్కరి గొంతు కూడా వినలేదు నేను వాళ్ళల్లో. తర్వాత మాటకు మాటకు ఇల్లు అదిరిపోయేట్టు ఊ. యాడో పసిబిడ్డ ఏడుపు, యాడో కుక్కర్ విజిల్, ఫోన్లో దస్తగిరి ఊ అందరికంటే గట్టిగా. వాడు ఏడుస్తాండాడని నాకు తెలుసు.

అవ్వ నోరు తెరుచుకుని పలక వీపును చూస్తా కూచుండిపోయింది.

"ఇంతమంది ఉండారా మే దీంట్లో? ఇన్ని దినాలూ ఆయమ్మా నేనూ ఇద్దరమే అనుకున్నా!"

నమోదు 15. 160వ రోజు

ఉత్తర్వు వచ్చింది. పలక చదివింది, రెండుసార్లు చదివించుకున్నా. 'రెండు వందల మూడు మంది విద్యార్థుల కంటిలెక్క సున్నాకు చేరినందున, అన్ని పలకలను వెనక్కి తెచ్చుటకు తగినన్ని బండ్లు లేనందున, పేర్ల తొలగింపు తాత్కాలికముగా నిలిపివేయడమైనది.' న్యాయమని కాదు, బండ్లు చాలక! దస్తగిరి పేరు మళ్ళీ ఎక్కిస్తారంట. పలక ఎల్లుండి గాలి గంటకు వాడి గడపలో దించుతారంట. నూట ఎనభయ్యో రోజున మా పదముగ్గురికీ నోటి పరీక్ష. నా మీద నేరం సంగతి ఆ పరీక్ష తర్వాత చూస్తారంట. చూడనీ. పరీక్షకు నేను వీపు పెట్టే కూచుంటా. ఇప్పుడే చెప్తాండా, తర్వాత దాచినానని అనొద్దు.

ఈ పుట అడుగున 'ఇబ్బంది' అని ఒక గడి ఉంటాదని, దాంట్లో మీరే ప్రతిసారీ 'చదవలేకపోవడం' అని నింపుతారని దస్తగిరి చెప్పినాడు. నాకు తెలియనే తెలియదు. ఈసారి ఆ గడిలో 'కంటిలెక్క' అని రాయండి. రాయలేకపోతే చెప్పండి, మేం పదముగ్గురం ఉండాం, సహాయం చేస్తాం.

ఇంకొక సంగతి. ఈపొద్దు పాఠం మొదలుకాకముందు, అందరం గొంతులు తెరుచుకుని మేడమ్ కోసం కాచుకోనుంటే, పర్యవేక్షణ పక్కనుంచి ఎవరో దగ్గినారు. ఒక్కసారే, నిదానంగా. నేను కడ్డీ పట్టుకున్న చేయి అట్లే ఆపేసినా.

అవ్వకు ఇదేమీ తెల్దు. గబగబా పలక దగ్గరికి వంగింది.

"ఎవరు నాయనా దగ్గేది? మిరియాల కషాయం తాగు, జాగ్రత్త" అనింది.

"తాగుతానమ్మా" అన్నాడు వరదరాజులు సార్.